తోడేళ్ళ కోటలో తగవరి

కుందనగిరి కోట గోడ మీంచి ఒక వెదురుబుట్ట తాళ్ళకు వేలాడుతూ దిగింది. అది నేలను తాకీ తాకకముందే సిరియాల గుర్రం మీంచి అందులోకి దూకింది. ఆమె వెనకే, భుజాన పెద్ద డోలు తగిలించుకున్న ఇంద్రకేతుడు దూకాడు.

"లాగండి! లాగండి!" అని పైనుంచి ఎవరో అరిచారు.

బుట్ట మనిషెత్తు లేచిందో లేదో, ఒక బూడిదరంగు తోడేలు ఎగిరి దాని అడుగును కోరలతో పట్టింది. వెదురుబద్దలు పటపట విరిగాయి. ఇంద్రకేతుడు డోలుకర్రతో దాని ముట్టె మీద ఒక్కటి వేశాడు. అది పట్టు వదిలి వెల్లకిలా పడింది. దాని వెనక పది, ఆ పదింటి వెనక వంద. ఉదయపుటెండలో కొండ అంచంతా బూడిదరంగు వెన్నులతో కదులుతున్నది.

సగం దూరం వచ్చాక సిరియాల తల ఎత్తి చూసింది. బురుజు మీద పదిమంది విలుకాండ్రు వరసగా నిలబడి బాణాలు సంధిస్తున్నారు. ఒక్కొక్క విలుకాడి చేతికీ ఒక్కొక్క ఆడమనిషి వేలాడుతున్నది. ఒకామె అల్లెతాటిని పళ్ళతో కొరుకుతున్నది. "వదలవే!" "చంపనివ్వను!" అన్న కేకల మధ్య బాణాలు ఆకాశంలోకీ, రాళ్ళలోకీ, ఎటు పడితే అటు పోతున్నాయి. వాటిలో ఒకటి వచ్చి బుట్టకు కట్టిన నాలుగు తాళ్ళలో ఒకదాన్ని తెంపింది. బుట్ట పక్కకు ఒరిగింది. సిరియాల కాళ్ళు గాలిలో తేలాయి. ఇంద్రకేతుడు ఒక చేత్తో ఆమె నడికట్టునూ, రెండో చేత్తో బుట్ట అంచునూ పట్టుకున్నాడు.

"ఈ కోటలో తగవేమిటో ఎవర్నీ అడగక్కర్లేదు, రాకుమారా," అన్నది సిరియాల అలా వేలాడుతూనే. "పైన కనబడుతూనే ఉంది."

"ముందు పైకి చేరదాం, తగవు సంగతి తరవాత," అన్నాడు ఇంద్రకేతుడు పళ్ళు బిగించి. "పైన మాత్రం రాకుమారా అనకు. నేను నీ డోలు మోసే సోమణ్ణి."

సిరియాల వయసు నలభై దాటింది. ఏడు రాజ్యాలలో ఆమెను తగవరి అంటారు. తగవరి అంటే తగవులు తీర్చే మనిషి. తక్కిన తగవరులు రెండు పక్షాల మాటా విని, తీర్పు చెప్పి, పట్టుబట్టలు పుచ్చుకుని తమ దారిన పోతారు. సిరియాల తీర్పు చెప్పదు. పడుచుతనంలో ఒక్కసారి చెప్పింది. ఆ తీర్పు న్యాయమైనదే. గెలిచినవాళ్ళు సంబరంతో ఓడినవాళ్ళ గడ్డివాములు తగలబెట్టారు. ఓడినవాళ్ళు కోపంతో గెలిచినవాళ్ళ ఇళ్ళే తగలబెట్టారు. అప్పటినుంచి ఆమె రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ నోటనే మాట రప్పించి, వాళ్ళ చేతనే దారి తీయిస్తూ వస్తున్నది.

ఇంద్రకేతుడు మేఘవతీపుర రాకుమారుడు. అతని అక్క హేమరేఖను ధూమకేశి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయి ధూమ్రాద్రి శిఖరం మీద బంధించాడు. ఆ శిఖరానికి దారి తెలిసినవాళ్ళు లోకంలో కుందనగిరి సైనికులు మూడు వందలమందే. వాళ్ళను వెతుక్కుంటూ వస్తున్న రాకుమారుడికి దారిలో సిరియాల తోడైంది. వాళ్ళు వెతికే ఆ మూడు వందలమందీ ఇప్పుడు గోడ కింద తోకలు ఊపుతూ తిరుగుతున్నారు.

కుందనగిరి నిజంగానే మేలిమి బంగారపు ముద్దలా ఉంటుంది. కొండరాయే పసుపు వన్నెది. ఆ రాతితోనే ఏడు బురుజులు లేపారు. బురుజుకొక రాతి నెమలి, నెమలికొక ఇత్తడి తురాయి. పొద్దుటి వెలుగులో ఏడు తురాయిలూ ఏడు దీపాలలా మెరుస్తాయి. కోటకు ఒకటే దారి. ఆ దారికి రెండు వాకిళ్ళు, బయటి వాకిలి, లోపలి వాకిలి. రెంటి మధ్యా నాలుగు వైపులా ఎత్తు గోడలతో చదరపు ఆవరణ. శత్రువు బయటి వాకిలి బద్దలు కొట్టుకుని వచ్చినా ఆ ఆవరణలో పడి, గోడల మీది బాణాలకు బలవుతాడు. కట్టినవాడు తెలివిగలవాడు. అయితే ఆ కోటకు ఇలాంటి శత్రువులు వస్తారని అతను ఊహించలేదు.

గోడ ఎక్కినవాళ్ళకు మంత్రి దేవరాతుడు ఎదురు వచ్చాడు. బక్కపలచని ముసలివాడు. నిద్రలేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వచ్చావా తల్లీ!" అన్నాడు సిరియాలతో. "నా పావురం నీకు చేరిందో లేదో అనుకున్నాను. పొద్దు నడినెత్తికి వస్తే ఈ కోటలో మనిషిని మనిషి పొడుచుకుంటాడు."

అతను చెప్పిన కథ ఇది. నెల కిందట మూడు వందలమంది సైనికులు దళపతి రేచన వెంట ధూమ్రాద్రి మీదికి దండెత్తి వెళ్ళారు. కొండ మొదట్లోనే నల్లటి పొగ వాళ్ళను మింగేసింది. కాలు బెణికి వెనకబడిన కొమ్ము ఊదేవాడు ఒక్కడు అది కళ్ళారా చూశాడు. పొగ విడిపోయేసరికి మనుషులున్న చోట తోడేళ్ళున్నాయి. ఆ పొగ పీల్చిన వాడు కోటకు వచ్చి ఈ మాట చెప్పి ప్రాణం విడిచాడు. ఎనిమిదో నాడు తోడేళ్ళు కూడా వచ్చాయి. మేకల్ని తిన్నాయి, గొర్రెల్ని తిన్నాయి. ఒక కాపరిని చంపాయి. రాజు పొరుగు రాజ్యాల సాయం కోరి వెళ్ళి ఇంకా రాలేదు.

"బయటి వాకిలి కాపలా వాకిలివాడ వాళ్ళది," అన్నాడు దేవరాతుడు. "పోయిన సైనికుల తల్లులూ పెళ్ళాలూ ఉండేది ఆ వాడలోనే. విల్లులు మందలవాడ కాపరులవి. నడిపొద్దుకు ముష్టిగింజల విషం పూసిన బాణాలతో తోడేళ్ళన్నిటినీ చంపేస్తామని కాపరులు ఒట్టేశారు. ఒక్క బాణం తగిలినా రెండు వాకిళ్ళూ బార్లా తీస్తామని వాకిలివాడ వాళ్ళు ఒట్టేశారు. ఇద్దరూ ఒట్టు తప్పే మనుషులు కారు."

"ఇద్దరూ ఎవరి మాటైనా వింటారా?"

"వైద్యుడు శంఖభట్టు మాట వింటారు. రెండు వాడల్లోనూ గాయాలకు కట్లు కట్టేది ఆయనే."

తెల్లటి గడ్డం, భుజాన మూలికల సంచీ ఉన్న శంఖభట్టు మంత్రి వెనకే నిలబడి ఉన్నాడు. అతను సిరియాలకు వినయంగా నమస్కరించాడు. "నేనెంత చెప్పినా మంట చల్లారడం లేదమ్మా," అన్నాడు విచారంగా.

సిరియాల రెండు వాకిళ్ళ మధ్య ఆవరణను చూపించి, "అందరినీ అక్కడ కూర్చోబెట్టండి," అన్నది. "విల్లులు గోడ మీదే ఉండాలి. తాళాలు మంత్రిగారి దగ్గర ఉండాలి. వాకిలివాడ వాళ్ళు లోపలి వాకిలి వైపు, మందలవాడ వాళ్ళు బయటి వాకిలి వైపు."

"తిరగేశావు!" అన్నాడు దేవరాతుడు. "కాపరులను తోడేళ్ళ పక్కన కూర్చోబెడతావా?"

"వాళ్ళు రోజూ కాచే చోట కూర్చుంటే రోజూ అనే మాటే అంటారు."

జాము పొద్దెక్కేసరికి ఆవరణ నిండింది. బయటి వాకిలి అవతల తోడేళ్ళు చెక్కను గీరుతున్న చప్పుడు ఆగి ఆగి వినబడుతున్నది. కాపరులకు పెద్ద కాటయ. ఏనుగు గున్నలా ఉంటాడు. చచ్చిపోయిన కాపరి అతని తమ్ముడు బీరయే. వాకిలివాడ పక్షాన మాట్లాడేది ముప్పవ్వ, దళపతి రేచన తల్లి. మనిషి పిడికెడంత ఉన్నా, గొంతు కంచు.

సిరియాల మధ్యలో నిలబడింది.

"ముందు నా సంగతి చెబుతాను," అన్నది. "ఇదుగో, ఈ డోలు మోసేవాడు డోలువాడు కాదు. మేఘవతీపుర రాకుమారుడు. ధూమ్రాద్రికి దారి తెలిసింది బయట ఉన్న తోడేళ్ళకే. అవి బతికుంటే ఇతనికి మేలు. ఇతని వెంట వచ్చినదాన్ని కాబట్టి నేను ఒక వైపు మొగ్గుతున్నానని మీకు అనిపించవచ్చు. అనిపిస్తే ఇప్పుడే చెప్పండి, వెళ్ళిపోతాను."

ఇంద్రకేతుడి మొహం జేవురించింది. మారువేషంలో ఆరు రాజ్యాలు దాటి వచ్చాడు. ఎవరూ పట్టుకోలేకపోయారు. ఇప్పుడు తన తోటి మనిషే అందరిముందూ బయటపెట్టింది.

"చెప్పకుండా ఉంటే ఏం పోయేది?" అన్నాడు గొంతు తగ్గించి.

"మధ్యలో తెలిస్తే మొత్తం పోయేది."

శంఖభట్టు లేచి, "ఇంకేం, తేలిపోయింది! ఈమె తోడేళ్ళ పక్షం!" అన్నాడు. కాపరులు గోలగా లేచారు. కాటయ ఒక్క చెయ్యి ఎత్తి వాళ్ళను కూర్చోబెట్టాడు.

"ముందే చెప్పింది గదా," అన్నాడు. "దాచేవాళ్ళు ఇట్లా చెప్పరు. కానీ తగవరమ్మా, త్వరగా తీర్పు చెప్పు. పొద్దు పోతోంది."

"తీర్పు నా దగ్గర లేదు కాటయా. ఒక షరతు మాత్రం ఉంది. ఎదుటివాడు చెప్పింది నువ్వు నీ నోటితో తిరిగి చెప్పాలి. 'అవును, నేనన్నది అదే' అని అతను ఒప్పుకోవాలి. అప్పుడే నీ మాట. అంతదాకా ఎవరికీ జవాబు చెప్పే హక్కు లేదు."

"ఇదేం పిల్లలాట!" అన్నది ముప్పవ్వ.

"ఆటే అవ్వా. ముందు నువ్వే మొదలుపెట్టు."

ముప్పవ్వ ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "నా ఇల్లు వాకిలి పక్కనే. నా మొగుడు వాకిలి తీసేవాడు. ఆయన పోయాక నేను తీస్తున్నా. నా రేచన గెలిచొచ్చినా తీశా, ఓడొచ్చినా తీశా. ఒకసారి పాడు రోగంతో ఒళ్ళంతా కుళ్ళి వస్తే, నలుగురూ వద్దన్నా తీశా. ఎట్లా వచ్చాడని చూసి తీసేది వాకిలి కాదు. ఎవరొచ్చారని చూసి తీస్తాం. వాళ్ళు మా వాళ్ళు. అంతే."

"కాటయా, చెప్పు," అన్నది సిరియాల.

"ముసల్దానికి కొడుకు మీద మమకారం. అంతేగా!"

"నేనన్నది అది కాదు," అన్నది ముప్పవ్వ.

కాటయ గడ్డం గోక్కున్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. అదీ కాదన్నది. మూడోసారి అతను కళ్ళు మూసుకుని, తడుముకుంటూ చెప్పాడు. "మనవాడు ఏ రూపంలో వచ్చినా... మనవాడే. వాడు మారిపోయాడని వాకిలి మూస్తే... రేపు ఎవడూ ఈ వాకిలిని నమ్మి యుద్ధానికి పోడు. అదేనా?"

ముప్పవ్వ తల ఎత్తి మొదటిసారి అతన్ని చూసింది. "యుద్ధం మాట నేననలేదు. కానీ అవును. అదే."

అప్పుడు శంఖభట్టు ముందుకు వచ్చాడు. "నేను ఇద్దరి మేలూ కోరేవాణ్ణి. నన్ను మాట్లాడనివ్వండి."

"మాట్లాడండి. ముందు ముప్పవ్వ ఏమన్నదో చెప్పండి."

"ముప్పవ్వ... కాపరుల మీద పగతో ఉడికిపోతున్నది."

"నేనట్లా అనలేదు!"

"కాపరులు తన కొడుకును చంపబోతున్నారని వాళ్ళ వంశం నాశనం కావాలంటున్నది."

"అదీ అనలేదు."

మూడోసారి అతను మరింత పొడుగ్గా చెప్పాడు. అందులోనూ పగే ఉంది. వాకిలి లేదు, రోగం లేదు, ఎవరొచ్చారని చూడడం లేదు. ఎవరో ఫక్కున నవ్వారు. మాట వినబడనివాడికి మల్లే శంఖభట్టు కళ్ళు చిట్లించాడు. సిరియాల అతని మొహాన్ని కాసేపు చూసి, "కూర్చోండి వైద్యులవారూ, మళ్ళీ పిలుస్తాను," అన్నది.

"వాడిలో ఏదో తేడా ఉంది. పట్టుకోనా?" అన్నాడు ఇంద్రకేతుడు ఆమె చెవిలో.

"తిరిగి చెప్పలేనివాడల్లా దొంగ అయితే ఈ ఆవరణలో సగంమందిని పట్టుకోవాలి."

ఇంద్రకేతుడు డోలు దగ్గరికి లాక్కున్నాడు.

కాటయ వంతు వచ్చింది. అంత మనిషీ నేలకేసి చూస్తూ చెప్పాడు.

"మందకు కావలి ఉన్నవాడు తోడేలు కళ్ళల్లోకి చూడకూడదు. చూస్తే చెయ్యి తడబడుద్ది. మా నాయన చెప్పాడు, నేను బీరయకు చెప్పాను. ఆ రోజు వాడు చూశాడు. బాణం ఎక్కుపెట్టి చూశాడు. 'అన్నా, ఇవి రేచన కళ్ళు' అన్నాడు. విల్లు దించాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నా. పరిగెత్తేలోపల అయిపోయింది." అతను బయటి వాకిలి వైపు చెయ్యి చూపించాడు. "వాళ్ళు మనుషులుగా పోయారు, నేను కాదనను. తిరిగొచ్చింది మాత్రం తోడేళ్ళు. దయ చూపించినవాణ్ణే చంపినదానికి వాకిలి ఎట్లా తీస్తాం?"

బయట చెక్కను గీరడం ఆగింది.

ముప్పవ్వ వంతు. పక్కనున్న కోడళ్ళు "చెప్పకు అత్తా" అన్నారు. ఆమె లేచి నిలబడింది.

"బీరయ చూశాడు. చూసి విల్లు దించాడు. ఆ కళ్ళు నా రేచనవని దించాడు. దించినందుకు చచ్చిపోయాడు." కాటయ వైపు తిరిగింది. "వాణ్ణి చంపింది నా కొడుకే."

"ఆ చివరి మాట నేననలేదమ్మా," అన్నాడు కాటయ మెల్లగా.

"నువ్వు అనలేదు. ఇన్నాళ్ళ నుంచి వాడలో అందరి నోటి దాకా వచ్చి ఆగుతోంది. నేనంటున్నా."

సిరియాల చాలా తగవులు చూసింది. ఇలాంటి చోట తొందరపడి ఒక్క మాట అన్నా అంతా చెడిపోతుందని ఆమెకు తెలుసు. మాటలు ఏరుకుంటూ అడిగింది.

"మీలో ఎవరూ మనసు మార్చుకోనక్కర్లేదు. కాటయ కాటయగానే ఉండనీ, ముప్పవ్వ ముప్పవ్వగానే ఉండనీ. అలా ఉండి కూడా, ఇవాళ ఇద్దరూ కలిసి చెయ్యగలిగిన పని ఏదైనా ఉందా?"

కాటయ తల ఎత్తాడు. "ఒక సంగతి నాకు అంతుపట్టడం లేదు," అన్నాడు. "పొద్దున ఈ ఇద్దరూ గుర్రాల మీద వచ్చారు. తోడేళ్ళు గుర్రాలను వదిలేశాయి. ఎక్కడన్నా ఉందా? గుర్రం మాంసం వదిలి మనుషులను మూడు వైపులా చుట్టి గోడ దగ్గరికి తోలాయి. అది తోడేలు పద్ధతి కాదు. కొత్తవాడు కనబడితే వాకిలి దగ్గరికి తోలుకొచ్చేది..."

"సైనికుడు," అన్నది ముప్పవ్వ.

"కొన్నింటిలో ఇంకా మనిషి ఉన్నాడేమో. అన్నింటిలో లేడు. ఏది ఏదో తెలీదు." కాటయ చుట్టూ గోడలను చూశాడు. "కొత్త గొడ్డును కొంటే ఒక్కసారే మందలో కలపం. విడిగా ఒక దొడ్లోకి వదిలి చూస్తాం. ఈ ఆవరణ దొడ్డి లాంటిదే గదా."

"ఒక్కొక్కణ్ణి దిడ్డిలోంచి రానిద్దాం," అన్నది ముప్పవ్వ. బయటి వాకిలి పెద్ద తలుపులో మనిషి వంగి దూరేపాటి చిన్న తలుపు ఉంది. దిడ్డి అంటే అదే. "నేను లోపల నిలబడతా. నువ్వు గోడ మీద బాణం పెట్టుకుని ఉండు. నా చెయ్యి పైకి ఉన్నంతసేపూ వెయ్యకు. దించితే వెయ్యి."

"దించకపోతే?"

"దించుతా."

"ఎదట రేచనే ఉంటే?"

కాపరులలో గుసగుసలు లేచాయి.

"వాడే అయినా దించుతా," అన్నది ముప్పవ్వ.

కాటయ తన తలపాగా విప్పి నేల మీద పరిచాడు. మందలవాడలో అంతకన్న పెద్ద ఒట్టు లేదు. ముప్పవ్వ బయటి వాకిలి తాళంచెవులను మంత్రి చేతిలోంచి తీసుకుని ఆ తలపాగా మీద పెట్టింది.

నడిపొద్దుకు ముందే ఆవరణ ఖాళీ అయింది. కాపరులు గోడలెక్కారు. ముప్పవ్వ మధ్యలో నిలబడింది. ఆమె పక్కన సిరియాల నిలబడింది. ఆమెను అక్కడ ఉండమని ఎవరూ అడగలేదు. దిడ్డి గొళ్ళెం దగ్గర ఇంద్రకేతుడు ఉన్నాడు.

ముప్పవ్వ కుడి చెయ్యి ఎత్తింది. దిడ్డి తెరుచుకుంది. చిరిగిన చెవి ఉన్న తోడేలు ఒకటి లోపలికి వచ్చింది. తల దించి, నేలను వాసన చూస్తూ, ముసలామె పాదాల దాకా వచ్చి ఆగింది. ఇంద్రకేతుడు దిడ్డి మూశాడు. గోడ మీద వంద అల్లెతాళ్ళు బిగిసి ఉన్నాయి. తోడేలు ముప్పవ్వ పాదాలను ఒకసారి నాకి, ఆమె ఎడమపక్క ఆవరణ గోడకు ఆనుకుని నిలబడింది. కావలివాడు నిలబడే చోట.

"ఒకటి," అన్నాడు కాటయ పైనుంచి.

సరిగ్గా అప్పుడు బయటి వాకిలి పక్క గదిలోంచి తెల్లగడ్డం ఒకటి బయటికి వచ్చింది. శంఖభట్టు! అతను పెద్ద తలుపుల అడ్డగడియను రెండు చేతులా పట్టుకున్నాడు. పదిమంది ఎత్తలేని ఆ మాను పూచికపుల్లలా లేచి పక్కకు పడింది.

"ధూమకేశి ఆజ్ఞ!" అని అతను వికటంగా నవ్వాడు. "మీ తగవు తీరితే మాకు పని లేదు!"

ఇంద్రకేతుడు డోలు చర్మాన్ని పిడికిలితో చించి లోపల దాచిన కత్తి దూశాడు. అతను ఒక్క గంతులో దగ్గరయ్యేసరికి శంఖభట్టు గడ్డం ఈకలైంది, చేతులు రెక్కలయ్యాయి. రాబందు ఒకటి కీచుమంటూ లేచింది. కత్తి దాని ఎడమ రెక్క కొసను తెంపింది. అది నెత్తురు చిమ్ముకుంటూ, వంకరగా ఎగురుతూ గోడ దాటిపోయింది. మూలికల సంచీ మాత్రం కింద పడింది. అందులో కట్లు లేవు, బూడిద ఉంది.

పెద్ద తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. తోడేళ్ళు వరదలా వచ్చిపడ్డాయి. సిరియాల ముప్పవ్వ భుజాన్ని పట్టుకుంది. నాలుగు వైపులా వెన్నులు, కోరలు, వేడి ఊపిరి.

"వెయ్యండి! ఒప్పందం ఒక్కదానికే!" అని గోడ మీద ఎవరో అరిచారు.

"ఆగండి!" అన్నాడు కాటయ. "తగవరమ్మా! ఏం చెయ్యమంటావు?"

"నన్నడగొద్దు! ఆమెనడుగు!"

"అమ్మా! చెయ్యి పైనే ఉందా?"

"పైనే ఉంది!" అన్నది ముప్పవ్వ. ముసలి చెయ్యి దిగలేదు. ఒక్క బాణం కూడా రాలేదు.

తోడేళ్ళు చుట్టూ తిరుగుతున్నాయి. కొన్ని కూర్చున్నాయి. కొన్ని దిక్కులు చూస్తున్నాయి. గోడ మీంచి ముందుకు వంగిన విలుకాడు ఒకడు కాలు జారి ఆవరణలోకి దబ్బున పడ్డాడు. అతని మోకాలు చిట్లి నెత్తురు వచ్చింది. ఆ వాసనకు నల్లని వెన్ను ఉన్న పెద్ద తోడేలు ఒకటి గిరుక్కున తిరిగింది. పెదవులు వెనక్కి పోయి కోరలు బయటపడ్డాయి. అది విలుకాడి వైపు నాలుగు అంగలు వేసి, ఎందుకో ఒక్క క్షణం ఆగి ముప్పవ్వ వైపు చూసింది.

సిరియాల తోడేలును చూడలేదు. ముప్పవ్వ మొహాన్ని చూసింది. అక్కడ కనబడింది చూశాక ఆమెకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

తోడేలు ఎగిరింది. చెయ్యి దిగింది. కాటయ బాణం గాలిలోనే దాని మెడలోంచి దూసుకుపోయింది.

ముప్పవ్వ నడిచి వెళ్ళి ఆ నల్లవెన్ను పక్కన కూర్చుంది. దాని కళ్ళు మూసింది. కాటయ గోడ మెట్లు దిగి తోడేళ్ళ మధ్యగా వచ్చాడు. ఒక్కటీ అతన్ని తాకలేదు.

"ఎవరమ్మా?" అన్నాడు.

"అడక్కు కాటయా."

అతను అడగలేదు. విల్లు పక్కన పెట్టి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. వాకిలివాడ కోడళ్ళు గోడ మీద ఏడుపు మొదలుపెట్టారు. వాళ్ళ వెంట మందలవాడ ఆడవాళ్ళు కూడా ఏడ్చారు. ఎవరికోసమో ఎవరూ చెప్పుకోలేదు.

చిరిగిన చెవి తోడేలు ముందు కదిలింది. అది బయటి వాకిలి గుమ్మంలోకి వెళ్ళి ఉత్తరానికి తిరిగి నిలబడింది. దాని వెనక ఇంకొకటి. క్షణంలో తోడేళ్ళన్నీ మూడు వరసలై కోటకు వీపు పెట్టి నిలుచున్నాయి. చెవులు నిక్కబొడిచాయి.

ఉత్తరాన ధూమ్రాద్రి వైపు ఆకాశం నల్లబడుతున్నది. కొండల మీంచి పొగ దొర్లుకుంటూ దిగింది. దిగుతూ దిగుతూ కాళ్ళు పెట్టుకుంది, తొండాలు పెట్టుకుంది. పొగ ఏనుగులు! ఒక్కొక్కటీ బురుజంత ఉంది. అవి అడుగు వేసిన చోట చెట్లు చప్పుడు లేకుండా మాయమవుతున్నాయి. అన్నిటికన్న ముందు ఒక రాబందు వంకర టింకరగా ఎగురుతున్నది.

చిరిగిన చెవి తోడేలు తిరిగి వచ్చి ఇంద్రకేతుడి ఉత్తరీయాన్ని పళ్ళతో పట్టి లాగింది.

"దారి చూపిస్తానంటోంది," అన్నాడు ఇంద్రకేతుడు. "ఇప్పుడే బయలుదేరాలి. ఏనుగులు లోయ మూసేస్తే ఇక దారి ఉండదు. సిరియాలా, నువ్వు కోటలోనే ఉండు."

"మూడు వందల తోడేళ్ళూ ఒక రాకుమారుడూ ఒకచోట ఉంటే సాయంత్రానికి తగవు రాదంటావా?" అన్నది సిరియాల చీర కుచ్చెళ్ళు బిగిస్తూ.

కాటయ లేచాడు. కోటలోని కాపరులకేసి చూశాడు. "వాకిలి ముప్పవ్వ మాట ప్రకారం తియ్యండి, మూయండి," అన్నాడు. విల్లు భుజాన వేసుకుని, గోడకు ఆనించి ఉన్న కాపరికర్ర చేతిలోకి తీసుకున్నాడు. "ఇంత మంద పోతుంటే తోలేవాడు లేకుండా ఎట్లా?"

అతను రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. తోడేళ్ళకు ఆ ఈల తెలియదు. తలలు తిప్పి చూశాయి. అతను మళ్ళీ వేశాడు. ఈసారి చిరిగిన చెవి తోడేలు ఎడమవైపు లోయలోకి దూకింది. దాని వెనక తక్కినవన్నీ దూకాయి. వాటి మధ్య కాటయ, ఇంద్రకేతుడు, సిరియాల పల్లానికి పరుగెత్తారు. వాళ్ళు వదిలిన చోట మొదటి పొగ ఏనుగు కాలు దిగింది. పసుపువన్నె బండ ఒకటి ఉన్నపళంగా లేకుండా పోయింది.

సిరియాల ఒక్కసారి వెనక్కి చూసింది. కోట వాకిలి తలుపులు మెల్లగా మూసుకుంటున్నాయి. దిడ్డిలో పిడికెడంత మనిషి నిలబడి ఉంది. అప్పుడు లోయ అడుగునుంచి చిరిగిన చెవి తోడేలు మొరిగింది. దారికి అడ్డంగా, మోకాలెత్తు బూడిదలోంచి, మనుషుల చేతులు బయటికి వస్తున్నాయి.